వంద మీటర్లకు 64

వంద మీటర్లకు నా అడుగులు 64. అంటే జత అడుగులు, కుడికాలు నేల తాకిన ప్రతిసారీ ఒకటి. తొమ్మిదో తరగతిలో ఉండగా చదును నేల మీద తాడు పరిచి కొలుచుకున్న లెక్క ఇది. ఆ తర్వాత కాళ్లు పొడుగయ్యాయి, ఇప్పుడు అదే దూరానికి అన్ని అడుగులు పట్టవు. అయినా నడక మాట వస్తే ముందు నోట్లోకి వచ్చేది ఆ అరవై నాలుగే. దాన్నే నమ్ముకుని నలుగురిని వెంటబెట్టుకుని అడవిలో దారి తప్పాను. ఎలా మరిచిపోతాను?

మా బడిలో ఏటా తొమ్మిదో తరగతి వాళ్లను ఐదు రోజులు అడవికి తీసుకెళ్లేవారు. విహారయాత్ర అనుకుని ఉత్సాహంగా బయల్దేరాం. బస్సు దిగిన గంటలోపే ఇది విహారమూ కాదు, యాత్రా కాదు అని తెలిసిపోయింది. భూగోళం మాస్టారు అందరినీ వరసగా నిలబెట్టి, సంచులు నేల మీద కుమ్మరించమన్నారు. మా జట్టులోని పొడుగువాడి సంచిలోంచి ఇస్త్రీ చొక్కాలు నాలుగు జారాయి. నా సంచిలోంచి అరచేతి మందం కథల పుస్తకాలు రెండు, ఒక అద్దం. మాస్టారు ఏమీ అనలేదు. పుస్తకాలు చేత్తో తూచి చూసి, "ఇవి నువ్వే మోయాలి సుమా" అన్నారు. వాటిని బస్సులోనే వదిలేశాను.

ఆయన ఉంచమన్నవి చాలా తక్కువ. ప్లాస్టిక్ కవరులో మూటకట్టిన పొడి మేజోళ్లు ఒక జత, ఉన్ని స్వెటరు, వాన చొక్కా, నీళ్ల సీసా. మెడలో విజిల్. ఆ విజిల్ నిద్రలో కూడా తీయడానికి వీల్లేదు. "నూలు బట్ట తడిస్తే ఒంట్లో వేడంతా లాగేస్తుంది. ఉన్ని తడిసినా ఎంతో కొంత కాపాడుతుంది" అని ఆయన చెప్తుంటే, మండే ఎండలో నిలబడి లోలోపల నవ్వుకున్నాం.

మొదటి మధ్యాహ్నమంతా ముడులు. రీఫ్ ముడి వేయడం సులువే, కుడిది ఎడమ మీదుగా, ఎడమది కుడి మీదుగా. రెండుసార్లూ ఒకే వైపు నుంచి వేస్తే మాత్రం చూడటానికి అలాగే ఉంటుంది, బరువు పడగానే జారిపోతుంది. నన్ను ఏడిపించింది బోలైన్ ముడి. దాన్ని నేర్పడానికి ఎక్కడైనా చెప్పే కుందేలు కథే మాస్టారూ చెప్పారు. తాడులో చిన్న మెలిక వేస్తే అది కలుగు. తాడు కొస కుందేలు. కుందేలు కలుగులోంచి బయటికొస్తుంది, చెట్టు వెనక నుంచి చుట్టు తిరుగుతుంది, భయపడి మళ్లీ కలుగులో దూరుతుంది. నా కుందేలు ప్రతిసారీ చెట్టుకు అవతలి నుంచి వచ్చి పోయేది. ఆరేడుసార్లు చూశాక మాస్టారు నా చేతులు వెనక్కి పెట్టించి, చూడకుండా వేయమన్నారు. ఆశ్చర్యం, పడింది. కళ్లు అడ్డం తప్పుకుంటే వేళ్లకు తెలుస్తుందని ఆయన లెక్క. బోలైన్ గొప్పతనం ఏమిటంటే ఎంత బరువు వేలాడినా ఉచ్చు బిగుసుకోదు, పని అయ్యాక విప్పడమూ తేలికే. ఇప్పటికీ అరలో తాడు ముక్క కనబడితే చేతులు వాటంతట అవే వెనక్కి పోతాయి.

నిప్పు దగ్గర మా పరువు పోయింది. మనిషికి మూడు అగ్గిపుల్లలు. ముందురోజు వాన పడి నేలంతా చెమ్మగా ఉంది. అందరం నేల మీది పుల్లలే ఏరుకొచ్చాం, అందరివీ పొగవచ్చి ఊరుకున్నాయి. మా జట్టులో ఒక అమ్మాయి ఉండేది, తరగతిలో ఆఖరి బెంచీ, నోరు విప్పి మాట్లాడగా విన్నది తక్కువ. ఆ అమ్మాయి నేల వైపు చూడనేలేదు. చెట్టుకే ఎండిపోయి వేలాడుతున్న సన్నటి కొమ్మలు విరిచింది. విరిచినప్పుడు టక్కున చప్పుడైతేనే తీసుకునేది, వంగితే వదిలేసేది. బొటనవేలి లావు కర్ర ఒకటి నిలువునా చీల్చి, లోపలి పొడి చెక్కను చాకుతో రేకులు రేకులుగా లేపింది, తెగిపోకుండా, పువ్వులా విచ్చుకునేలా. ఆ పువ్వు కింద అగ్గిపుల్ల పెట్టింది. మీద అగ్గిపుల్లంత సన్నవి, అవి అంటుకున్నాక పెన్సిలంత, ఆ తర్వాతే వేలంత. ఒక్క పుల్లతో పని అయిపోయింది. మిగిలిన రెండూ నాకిచ్చింది. అవీ తగలేశాను.

ఆమెకు ఇదంతా ఎవరు నేర్పారని మాస్టారు అడిగితే, "మీరు పొద్దున చెప్పారు కదండీ" అంది. నిజమే, చెప్పారు. మేం వినలేదు.

మరుగుదొడ్డి పాఠం గురించి ఎక్కువ రాయను. నీటికి కనీసం 60 మీటర్ల దూరం, చేతి పార, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గొయ్యి, తర్వాత మట్టి కప్పడం. ఆ పార పట్టుకుని ఎవరు చెట్ల వైపు వెళ్లినా మిగతావాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. మూడో రోజుకు ఎవరూ కొట్టడం లేదు. తాగే నీళ్లు వాగువే. అవి తెర్లడం మొదలైన దగ్గర్నుంచి నిమిషం పాటు మరగాలి, 2,000 మీటర్లకు పైన ఎత్తులో అయితే మూడు నిమిషాలు. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి ఆ అదనం. పాఠ్యపుస్తకంలో మార్కుల కోసం చదివిన ఆ ముక్క గిన్నె ముందు కూర్చుని నిమిషాలు లెక్కపెడుతుంటే గానీ నా బుర్రకెక్కలేదు.

రాత్రిళ్లు మాస్టారు వేరే మనిషి. మంట ఆరిపోయాక ఆకాశం చూపించేవారు. సప్తర్షుల్లో పులహుడి నుంచి క్రతువుకు గీత గీసి, వాటి మధ్య దూరానికి ఐదు రెట్లు ముందుకు పొడిగిస్తే ధ్రువుడు. చేయి బారుగా చాచి పిడికిలి పట్టుకుంటే సుమారు పది డిగ్రీలు. దిగంతం మీద నుంచి ధ్రువుడి వరకు ఎన్ని పిడికిళ్లు పడితే, మనమున్న చోటి అక్షాంశం దాదాపు అంత. ఎవరి పిడికిలితో వాళ్లం కొలిచాం. మా లెక్కల ప్రకారం మేమంతా నాలుగు దేశాల్లో కూర్చుని ఉన్నాం.

కథలూ చెప్పేవారు. 1907 ఆగస్టులో, స్కౌట్ ఉద్యమానికి ఆద్యుడైన బేడెన్ పవెల్ ఇరవై మంది దాకా కుర్రాళ్లను ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవికి తీసుకెళ్లి గుడారాలు వేయించాడట. డబ్బున్న ఇళ్ల పిల్లల్నీ కూలీల పిల్లల్నీ కలిపే తీసుకెళ్లాడట, పొద్దున్నే జింక కొమ్ముబూర ఊది లేపేవాడట. మా మాస్టారి బూర పళ్లెం, గరిట. ఆయనకు ఇంకా ఇష్టమైన కథ కర్ట్ హాన్‌ది. హిట్లర్‌ను ఎదిరించి జర్మనీ విడిచి బ్రిటన్ చేరిన ఉపాధ్యాయుడు. యుద్ధం మధ్యలో, 1941లో, వేల్స్‌లోని అబర్‌డవీలో ఒక బడి పెట్టాడు. టార్పెడో దెబ్బకు ఓడ మునిగి పడవల్లో చిక్కుకున్నప్పుడు కుర్ర నావికులు ముందు చచ్చిపోతున్నారు, ముసలి నావికులు బతికి బయటపడుతున్నారు అని ఒక ఓడల యజమాని ఆవేదన. ఆ కుర్రాళ్ల కోసం పెట్టిన బడి అది. పేరు అవుట్‌వర్డ్ బౌండ్, రేవు విడిచి సముద్రం మీదికి బయల్దేరిన ఓడను నావికులు అనే మాట. "ముసలాళ్లకు ఎక్కువ తెలిసినదేమిటి?" అని మాస్టారు అడిగారు. ఈత అన్నాడు పొడుగువాడు. మాస్టారు చీకట్లో నవ్వినట్టు అనిపించింది. జవాబు మాత్రం చెప్పలేదు.

మూడో రోజు మమ్మల్ని ఐదుగురేసి జట్లుగా విడగొట్టారు. ఈసారి పెద్దవాళ్లెవరూ వెంట రారు. మ్యాపు, దిక్సూచి, దారి వివరం రాసిన కాగితం, టార్పాలిన్ ఒకటి. మ్యాపు 1:50,000, అంటే రెండు సెంటీమీటర్లకు కిలోమీటరు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే కాంటూరు గీతకూ గీతకూ మధ్య 20 మీటర్ల ఎత్తు. దారి మొత్తం ఆరు కిలోమీటర్లు, 300 మీటర్ల ఎక్కుడు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు కట్టిన లెక్క ఒకటుంది. ఐదు కిలోమీటర్లకు గంట, పైన 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. ఆ లెక్కన మాకు గంటా నలభై రెండు నిమిషాలు. "మీకు దానికి రెట్టింపు" అన్నారు మాస్టారు. పౌరుషం పొడుచుకొచ్చింది.

అడుగులు లెక్కపెట్టే పని నాది. పనితో పాటు నాయకత్వం కూడా నాదే అని నేనే అనుకున్నాను, ఎవరూ కాదనలేదు. జేబులో గులకరాళ్లు, ప్రతి 64కు ఒక రాయి కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. రెండో వాగు వరకు ప్రతి రాయీ మ్యాపుకు అతికినట్టు సరిపోయింది. కాగితంలో తర్వాతి వాక్యం ఇది: రెండో వాగు దాటాక 400 మీటర్లు ఎక్కి, దారి చీలిన చోట ఎడమకు తిరగాలి.

నాలుగు రాళ్లు. 256 అడుగులు. నాలుగో రాయి ఎడమ జేబులో పడేసరికి, సరిగ్గా అక్కడే, ఎడమకు ఒక దారి. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. "చూశారా!" అన్నాను. ఆ దారి కాస్త సన్నగా ఉంది, కొమ్మలు నడుము ఎత్తున అడ్డం వస్తున్నాయి, నిలబడ్డ మనిషి కన్నా జంతువుకే వీలుగా ఉంది. అది పట్టించుకోవాల్సిన సంగతి. పట్టించుకోలేదు.

మ్యాపులో మా దారి ఎక్కుతూ పోవాలి, ఒక్కో గీతా దాటుతూ. కాళ్ల కిందిది దిగుతోంది. నాకు తెలుస్తూనే ఉంది. కానీ దారి తప్పిన మనిషి బుర్ర విచిత్రంగా పనిచేస్తుంది. నేలను చూసి మ్యాపులో వెతకడం మానేసి, మ్యాపులో ఉన్నదాన్ని నేల మీద చూడటం మొదలుపెడుతుంది. ఆ గుట్ట ఇదే అయ్యుంటుంది. కాస్త దిగి మళ్లీ ఎక్కుతుంది కాబోలు. ఈ ఎండిన పాయను మ్యాపు గీసినవాళ్లు వదిలేసి ఉంటారు. దేశంలో సర్వేయర్లంతా తప్పు చేసి ఉండొచ్చు గానీ నా అరవై నాలుగు తప్పదు.

ఆఖరి బెంచీ అమ్మాయి వెనక నుంచి అంది, "ఎండ ఎడమ చెంపకు కదా తగలాలి? కుడి చెంపకు తగులుతోందేమిటి?"

మధ్యాహ్నం దాటింది, సూర్యుడు పడమట. ఉత్తరంగా నడిచేవాళ్లకు ఎండ ఎడమ వైపు. కుడివైపు తగులుతోందంటే దక్షిణంగా పోతున్నట్టే. దిక్సూచి తీయడానికి పది సెకన్లు చాలు. నేను తీయలేదు. దారి మెలికలు తిరుగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది అన్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా మొహం వేడెక్కేది దారి తప్పినందుకు కాదు, ఆ పది సెకన్లకు.

ఇంకో అరగంట నడిచాం. ముందు ఎండ పోయింది. తర్వాత కొండ పైభాగం పోయింది. తర్వాత చెట్ల పైకొమ్మలు. మబ్బు మా మీదికే దిగి, దాంతో పాటు సన్న తుంపర. దారి ఒక పొదలోకి వెళ్లి మరి బయటికి రాలేదు.

పొడుగువాడికి కంగారు ఎక్కువ. "కింద వాగు చప్పుడు వినిపిస్తోంది. దాని వెంట దిగిపోతే ఎక్కడో ఒకచోట మనుషులుంటారు" అని అప్పుడే నాలుగడుగులు వేశాడు. అందరికీ సబబుగానే తోచింది. నాకు మరీనూ, ఎందుకంటే కదులుతూ ఉంటే తప్పు ఒప్పుకోనక్కర్లేదు. ఆ అమ్మాయి నా చేతిలోంచి మ్యాపు తీసుకుంది. వేలితో వాగు వెంట కిందికి వచ్చి ఒకచోట ఆగింది. అక్కడ కాంటూరు గీతలు ఒకదానిమీద ఒకటి పడ్డట్టు దగ్గరగా, వాగుకు అడ్డంగా ఉన్నాయి. "ఇక్కడ నీళ్లు దూకుతాయి. మనమూ దూకాలి" అంది. వాగు వెంట పోతే ఊరొస్తుందన్న మాట చాలామందిని ఇలాంటి అంచులకే చేర్చింది.

అప్పుడు గుర్తొచ్చింది మాస్టారు రోజుకు పదిసార్లు అనే మాట. ఆగు, ఆలోచించు, చుట్టూ చూడు, ఏం చేయాలో అనుకో, ఆ తర్వాతే కదులు. అందులో మొదటి మాట తేలిక అనుకునేవాణ్ణి. తుంపర పడుతుంటే, చీకటి రాబోతుంటే, నలుగురు నీ మొహం చూస్తుంటే కాళ్లను ఆపడం బోలైన్ ముడి కన్నా కష్టం.

"నాకు తెలియట్లేదు. తప్పు దారి పట్టించాను" అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. పొడుగువాడు వెనక్కి వచ్చేశాడు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. టార్పాలిన్‌ను రెండు చెట్లకు క్లోవ్ హిచ్ ముడులతో కట్టాం. తడి నేల ఒంటి వేడిని తాగేస్తుందని ఆకులు పోగేసి, మీద సంచులు పరిచి, వాటిమీద వీపులు ఆనించుకుని కూర్చున్నాం. ఉన్ని స్వెటర్లు బయటికొచ్చాయి, ఎవరూ నవ్వలేదు. పొడి మేజోళ్లు వేసుకున్నప్పటి సుఖం గురించి వేరే వ్యాసం రాయొచ్చు. విజిల్ వంతులవారీగా వేశాం. నిమిషంలో ఆరుసార్లు, తర్వాత నిమిషం మౌనం, మళ్లీ ఆరు. ఆల్ప్స్ కొండల్లో పుట్టిన పద్ధతి ఇది. ఆ మౌనం జవాబు కోసం. విన్నవాళ్లు మూడుసార్లు వేయాలి.

ఆ మౌనపు నిమిషాలే నాకు బాగా జ్ఞాపకం. టార్పాలిన్ అంచున నీటి బొట్టు ఒకటి ఊరుతుంది, లావవుతుంది, సాగుతుంది, పడుతుంది. ఇంకోటి మొదలవుతుంది. నిమిషానికి తొమ్మిది బొట్లు. తర్వాత వాన తగ్గి ఏడు. లెక్కపెట్టడం నాకు రోగం కాబోలు. పక్కవాడి పళ్లు టకటకమంటుంటే అటు ఒకరు ఇటు ఒకరు జరిగి వాణ్ణి మధ్యలోకి తీసుకున్నారు, ఎవరూ చెప్పకుండానే.

పద్దెనిమిదో విడత తర్వాత మూడు ఈలలు వినిపించాయి, చాలా దూరం నుంచి. మేం లేచి అరవబోయాం. ఆ అమ్మాయి చేయి అడ్డం పెట్టింది. వాళ్లు మా వైపు రావాలంటే ఈలలు ఆగకూడదు.

మాస్టారు వచ్చి, తలలు లెక్కపెట్టి, ఫ్లాస్కులోంచి ఒక్కొక్కరికీ వేడినీళ్లు పోశారు. తిడతారని ఎదురుచూశాను. మ్యాపు నా ఒళ్లో పెట్టి, "మనం ఎక్కడున్నాం?" అన్నారు.

"తెలియదండీ."

"కచ్చితంగా తెలిసిన ఆఖరి చోటు ఏది?"

"రెండో వాగు."

"అయితే అక్కడి నుంచి మొదలుపెట్టు."

తడిసిన కాగితం మీద, టార్చి వెలుగులో, దిగిన వాలు, దాటిన ఎండిన పాయ, కుడి చెంప మీది ఎండ ఒక్కొక్కటే కలుపుకుంటూ వచ్చాం. ఎక్కడున్నామో దొరికేదాకా ఆయన మమ్మల్ని లేవనివ్వలేదు. ఆ క్షణంలో చాలా కోపం వచ్చింది, చలి వేస్తుంటే పాఠం ఏమిటని. గుడారాల దగ్గరికి చేరేటప్పటికి పూర్తిగా చీకటి.

మర్నాడు పొద్దున అందరూ గిన్నెలు తోముతుంటే నన్నొక్కణ్ణే మళ్లీ రెండో వాగు దగ్గరికి తీసుకెళ్లారు. 20 మీటర్ల తాడు. వాలు మీద ఐదుసార్లు పరిచి కొలిచాం, ఆయన పై కొసన, నేను కింద. ఇక నడవమన్నారు, నిన్నటి సంచి వేసుకునే. నడిచాను. 81.

నమ్మక మళ్లీ నడిచాను. 81.

వాలెక్కేటప్పుడు, బరువుతో, అడుగు పొట్టిదవుతుంది. ఎంత సులువైన సంగతి! నా 256 అడుగులకు మేం నడిచింది 400 మీటర్లు కాదు, 316. అసలు చీలిక ఇంకా 84 మీటర్ల పైన, వెడల్పాటి దారితో, పక్కన రాళ్ల గుర్తుతో తాపీగా ఉంది. నేను తిరిగింది జంతువుల దారిలోకి. మాస్టారు నా నోటుపుస్తకం తీసుకున్నారు. 64 కొట్టేస్తారనుకున్నాను. కొట్టేయలేదు. దాని పక్కన "చదును" అని రాసి, కింద "81, ఎత్తు" అని రాశారు. అంతే.

ఆఖరి రోజు నడకలో మ్యాపు, దిక్సూచి ఆ అమ్మాయి చేతికిచ్చారు. నేను అందరికన్నా వెనక నడిచాను, జేబులో రాళ్లతో. లెక్క ఇక నన్ను ఎవరూ అడగరనుకున్నాను, అయినా పెడుతూనే ఉన్నాను, అలవాటు. ఒక వాలు మధ్యలో జట్టు ఆగింది. ఆమె మ్యాపు మీద వేలు పెట్టి, తల ఎత్తకుండానే వెనక్కి కేకేసింది.

"ఎంతైంది?"

"రెండు రాళ్లు, పైన పదకొండు."

"చదును లెక్కా, ఎత్తు లెక్కా?"

"ఎత్తు లెక్కే" అన్నాను.

ఆమె వేలు మ్యాపు మీద కొంచెం ముందుకు జరిపి, నడక మొదలుపెట్టింది.